లేని అనుభవానికి పెరుగుతున్న గిరాకీ: ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ఐటీ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. నేను అమీర్‌పేటలో, మైత్రీవనం పరిసరాల్లో ప్రోగ్రామింగ్ కోర్సులు చెప్పే అధ్యాపకుణ్ణి. చేయని ఉద్యోగం చేసినట్టు కాగితాలు అమ్ముతూ మా వీధుల్లో సాగుతున్న దొంగ ఎక్స్‌పీరియన్స్ వ్యాపారం సంగతి మీకు తెలియదని అనుకోను. పోలీసులు అప్పుడప్పుడు దాడులు చేస్తూనే ఉన్నారు. బోర్డు మారుతుంది, వ్యాపారం మారదు. ఆ కాగితాల కంటే, వాటిని కొన్న పిల్లల్లో నేను చూస్తున్న మార్పు గురించి మీకు రాయాలనిపించింది.

బీటెక్ పూర్తయి ఏడాది గడిచినా ఉద్యోగం దొరకని కుర్రాడు పండక్కి ఊరు వెళ్లడం మానేస్తాడు. వెళితే ప్రతి పెళ్లిలోనూ "ఇంకా సెటిల్ కాలేదా బాబూ?" అన్న పలకరింపు, ఇంట్లో చదువు కోసం తెచ్చిన అప్పు, తోటివాడు అమెరికా వెళ్లాడన్న కబురు. ఇటు చూస్తే ఏ కంపెనీ ప్రకటనలోనైనా మూడేళ్ల అనుభవం తప్పనిసరి. సరిగ్గా అప్పుడే ఎవరో ఒక కన్సల్టెన్సీ నంబరు చేతిలో పెడతారు. పరీక్షలో కాపీ కొడితే వీపు విమానం మోత మోగించే తండ్రే ఊరి నుంచి డబ్బు పట్టుకొచ్చి, "ఎన్నేళ్లు పెట్టిస్తే మంచిదండీ?" అని నన్ను సలహా అడుగుతాడు. పక్కింటి అబ్బాయి నాలుగేళ్లు పెట్టించుకొని స్థిరపడ్డాడు గనుక ఆ ప్రశ్నలో ఆయనకు తప్పేమీ తోచదు.

ఆ డబ్బుకు ఆఫర్ లెటరు, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటరు వస్తాయి. కొన్ని డొల్ల కంపెనీలైతే కుర్రాడు ఇచ్చిన డబ్బునే అతని ఖాతాలో జీతంగా జమచేసి, పీఎఫ్ కూడా కడతాయి. ఇక వల్లెవేత మొదలవుతుంది: ఎన్నడూ చూడని బెంగళూరు ఆఫీసు ఏ అంతస్తులో ఉందో, టీమ్‌లో ఎంతమందో, మేనేజరు పేరేమిటో, ఆ ఉద్యోగం ఎందుకు మానేశాడో. మొదటి ఇంటర్వ్యూలో గొంతు తడబడుతుంది, తర్వాత తర్వాత తడబడదు. నన్ను భయపెడుతున్నది ఆ తడబాటు పోవడమే. ఉద్యోగం వచ్చాక పని తెలియదు కనుక జీతంలో కొంత ఇచ్చి చాటుగా మరొకరిచేత చేయించుకుంటాడు. నాలుగు మెలకువలు వంటబట్టాక తానే డబ్బు తీసుకొని ఇతరుల బదులు ప్రాక్సీ ఇంటర్వ్యూలకు కూర్చుంటాడు. ఫ్రెషర్‌గానే ప్రయత్నిస్తానన్న జూనియర్‌ను చూసి, "నువ్వొక్కడివే సత్యహరిశ్చంద్రుడివా?" అని నవ్వుతాడు. నా క్లాసులో తప్పు కోడ్ రాసినందుకు క్షమాపణ చెప్పిన పిల్లవాడే ఇతను.

కంపెనీలకు ఇది తెలియనిదేమీ కాదు. కల్పిత సంస్థల పేరిట అనుభవ పత్రాలు పెట్టి చేరిన ఉద్యోగులను తొలగించామని 2022 నవంబరులో యాక్సెంచర్ ఇండియా బహిరంగంగానే ప్రకటించింది. తొలగించడం సబబే. కానీ కొత్తవాళ్లకు తలుపులు మూసి అనుభవం తెమ్మనే పద్ధతిని ఎవరూ ప్రశ్నించడం లేదు. గోడల నిండా "వంద శాతం ప్లేస్‌మెంట్" అని రాసుకునే మా శిక్షణ సంస్థలను వెనకేసుకురావడమూ నా ఉద్దేశం కాదు; కన్సల్టెన్సీలతో పాటు వాటినీ రిజిస్ట్రేషన్ పరిధిలోకి తీసుకురండి.

నిజమైన అనుభవం సంపాదించుకొనే దారి చట్టంలో ఉండనే ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. మా పిల్లల్లో చాలామంది ఈ సంగతి విననైనా లేదు. ప్రభుత్వం నుంచి భూమీ రాయితీలూ పొందే ప్రతి ఐటీ సంస్థా ఏటా ఎందరు అప్రెంటిస్‌లను, ఎందరు ఫ్రెషర్లను తీసుకున్నదో ప్రజల ముందు పెట్టాలన్న షరతును ఇకపై కుదిరే ఒప్పందాలన్నిటిలోనూ చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
అమీర్‌పేట అధ్యాపకుడు