రిఫండ్ ఆగితే ఊరుకోకండి

సంపాదకులకు,

మా రాయగడలో రిటైరైన తెలుగువాళ్లు చాలామంది ఆదాయపు పన్ను రిటర్న్‌ను బజారులోని కంప్యూటర్ షాపులో వేయిస్తారు, అక్కడి కుర్రాడు ఫారంలో తన మెయిల్, తన ఫోన్ నంబరే పెట్టేస్తాడు, దాంతో మనకు తిరిగి రావాల్సిన పన్ను సొమ్మును (రిఫండ్‌ను) పాత పన్ను బకాయి కింద జమ చేసుకుంటామని ఆదాయపు పన్ను శాఖ పంపే నోటీసు మనదాకా రానే రాదు. ముందు మీ నంబరు పెట్టించుకోండి! ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మనకు ముందుగా చెప్పకుండా అలా సర్దుబాటు చేయకూడదు. నోటీసు వస్తే, ఆ బకాయి తప్పయితే, శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో (వెబ్‌సైట్‌లో) 21 రోజుల్లోగా బకాయి ఒప్పుకోవడం లేదని కారణం రాసి, కట్టిన చలానా జతచేయండి. బ్యాంకు ఖాతా పోర్టల్‌లో వాలిడేట్ (ధ్రువీకరణ) కాకపోయినా డబ్బు ఆగిపోతుంది, అదీ చూసుకోండి. కదలిక లేకపోతే అదే పోర్టల్‌లో ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-నివారణ్‌లో ఫిర్యాదు పెట్టండి. ఈ నోటీసులు తెలుగు, ఒడియాల్లో కూడా పంపాలని శాఖను గట్టిగా కోరుతున్నాను.

– ఒక పెన్షనర్, రాయగడ, ఒడిశా