సీసీ ఖాతా ఎన్‌పీఏ కాకముందే బ్యాంకుకు వెళ్లాలి

సంపాదకుడు గారికి,

గిరాకీ పడిపోగానే కుటుంబ వ్యాపారాల్లో చాలామంది సరుకును వచ్చినకాడికి అమ్మేసి, ఆ డబ్బుతో నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన చేబదుళ్లు తీరుస్తారు. బంధువుల దగ్గర మాట దక్కుతుంది, బ్యాంకు ఖాతా మాత్రం అక్కడే దెబ్బతింటుంది.

రూ.20 లక్షల సీసీ (క్యాష్ క్రెడిట్, అంటే సరుకు హామీ మీద కావలసినప్పుడల్లా వాడుకునే బ్యాంకు అప్పు) లిమిట్ ఉన్న బట్టల దుకాణాన్ని చూడండి. సరుకు రూ.40 లక్షలు, అందులో అరువుకు తెచ్చింది రూ.10 లక్షలు. మిగతా 30 లక్షల్లో యజమాని సొంత వాటాగా 25 శాతం మార్జిన్ తీసేస్తే డ్రాయింగ్ పవర్, అంటే ఆ సరుకు మీద వాడుకోదగ్గ అప్పు, 22.5 లక్షలు. సరుకు 24 లక్షలకు దిగి అరువు అలాగే ఉంటే అది 10.5 లక్షలే. అప్పటికే 20 లక్షలూ వాడేసి ఉంటే 9.5 లక్షలు అదనపు వాడకం కింద లెక్క. ఇలా వరుసగా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. భయపడి బ్యాంకుకు స్టాక్ స్టేట్‌మెంట్ (సరుకు లెక్క) ఇవ్వడం మానేసినా లాభం లేదు. స్టేట్‌మెంట్ మూడు నెలల కన్నా పాతదైతే దాని మీద వాడిన బాకీనీ సక్రమంగా లేనట్టే చూస్తారు. అందుకే తగ్గింపు ధరకు అమ్మిన సొమ్ము ముందు సీసీలో పడాలి, చేబదుళ్లవాళ్లను గడువు అడగాలి.

చిన్న పరిశ్రమలు, వ్యాపారాల రుణాలను సరిదిద్దడానికి రిజర్వ్ బ్యాంక్ 2016 మార్చిలో ఇచ్చిన విధానం ఒకటుంది. రూ.25 కోట్ల వరకు రుణాలకు వర్తిస్తుంది. కష్టం రాబోతోందని అనిపిస్తే యజమానే దరఖాస్తు చేసుకోవచ్చు. రూ.10 లక్షలు దాటిన ఖాతాలు బ్యాంకు కమిటీకి వెళతాయి. ఈ విధానాన్ని బ్యాంకులు పాటించి తీరాలని సుప్రీంకోర్టు 2024లో చెబుతూనే ఒక మెలిక పెట్టింది: తనది ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థ) అని యజమాని ఎన్‌పీఏ కాకముందే కాగితాలతో సహా బ్యాంకుకు చెప్పుకోవాలి. ఎంఎస్ఎంఈగా నమోదైనట్టు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్‌ను బీరువాలో పెట్టుకుంటే చాలదన్నమాట. ఏ బ్రాంచీ పిలిచి ఈ సంగతి చెప్పదు. ఖాతా నెల రోజులు సక్రమంగా లేనప్పుడే లేఖ రాసి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. దాంతోపాటు రాబోయే మూడు నెలల రాబడి, ఖర్చుల పట్టిక వారాలవారీగా ఇవ్వాలి.

ఆ పట్టికలో సాధారణంగా దొర్లే తప్పు ఇంటి ఖర్చును వదిలేయడం. గల్లాపెట్టెలోంచి అన్నదమ్ములు ఎవరికి వారు తీసుకునే డబ్బు ఎక్కడా రాయరు. ఒక్కొక్కరికి నెలకింత అని కట్టేసి ముందే చూపించాలి. అమ్మగారి పేరున ఉన్న ఇల్లు తాకట్టులో ఉంటే, రుణాన్ని సరిదిద్దాక రాసుకునే కొత్త ఒప్పందం మీద ఆమె సంతకమూ అడుగుతారు కాబట్టి, పంపకాల మాట అప్పటికే తేల్చుకుని ఉండాలి.

– చిన్న వ్యాపారుల లెక్కలు చూసే ఒక అకౌంటెంట్, విజయవాడ