బాత్ నగరపు గోడలపై రాతిబొమ్మలు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండులోని బాత్ నగరంపై వచ్చిన వ్యాసం రోమన్ల స్నానఘట్టాల దగ్గరే ఆగిపోవడం వెలితిగా తోచింది. సుమారు 46 డిగ్రీల వేడితో ఉబికే ఊటవల్లనే ఊరికి పేరొచ్చిన మాట నిజమే అయినా, ఆ నీటికోసం వచ్చే సంపన్నుల బసకు 18వ శతాబ్దంలో తేనెరంగు సున్నపురాతితో కట్టిన వీధులే నేటి నగరానికి రూపమిచ్చాయి.

వాటిలో మిన్న, నా దృష్టిలో, వలయాకారంలో కట్టిన ఇళ్ల సముదాయం ‘సర్కస్’. 1754లో శంకుస్థాపన జరిగిన కొద్ది నెలలకే రూపశిల్పి జాన్ వుడ్ కన్నుమూయగా, అదే పేరున్న కుమారుడు దాన్ని పూర్తిచేశాడు. అంతస్తుకొక తీరు స్తంభాలు: కింద డోరిక్, నడుమ అయోనిక్, పైన కొరింథియన్. కింది వరుస స్తంభాలపై పట్టీని తలెత్తి చూస్తే పాములు, ఓడ సామగ్రి, కళలకూ శాస్త్రాలకూ గుర్తులు వందలకొద్దీ కనిపిస్తాయి. పిట్టగోడ మీద రాతి ఓక్ కాయలు వరుసదీరి ఉంటాయి.

ఆ కుమారుడే 1767లో మొదలుపెట్టిన రాయల్ క్రెసెంట్‌లో 30 ఇళ్లకూ ముందువైపు ఒకటే అర్ధచంద్రాకారం. వెనుకభాగాన్ని మాత్రం కొన్నవారు ఎవరికి నచ్చినట్టు వారు కట్టించుకున్నందున కప్పుల ఎత్తులూ కిటికీలూ దేనికవే. ఆ వెనుకవైపు ఫొటో ఒక్కటైనా ప్రచురించవలసిందిగా మనవి.

— ఒక పాఠకుడు