ప్రాగ్‌ని నడిచి చూడమని రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఆ మధ్య యూరప్ యాత్రల మీద వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. అందులో చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ నగరానికి దక్కినవి నాలుగు వాక్యాలు, ఒక ఫొటో, ఆ ఫొటో కింద "సగం రోజు చాలు" అనే మాట. ఒకప్పుడు మేమూ ఆ మాట నమ్మి మోసపోయినవాళ్లమే, అందుకే చదవగానే బాధేసింది.

రెండేళ్ల క్రితం ఒక టూర్ సంస్థతో 11 రోజుల్లో 7 దేశాలు తిరిగాం. ప్రాగ్‌కి దొరికింది రెండు గంటలు. గైడ్ గొడుగు పైకెత్తి పట్టుకుని ముందు పరుగులాంటి నడక నడుస్తుంటే, వెనక మేమంతా ఆ గొడుగుని తప్ప ఇంకేమీ చూడకుండా వెళ్లాం, తప్పిపోతామేమోనన్న టెన్షన్ ఒకటి. మా అత్తయ్యకి అప్పటికే 65 దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఆవిడ ఈ వేగం అందుకోలేరు, బస్సులోనే ఉంటే మంచిదని గైడ్ చెప్పారు, మేం కూడా సరే అన్నాం. మేం తిరిగొచ్చేసరికి అత్తయ్య కిటికీ అద్దానికి తల ఆనించి నిద్రపోతున్నారు. ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక అందరితో మేం ప్రాగ్ చూశామనే చెప్పుకున్నాం, ఆవిడ కూడా అలాగే చెప్పారు. అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుకే పోయిన సెప్టెంబరు చివర్లో మా సొంతంగా, ప్రాగ్ ఒక్కదానికే వెళ్లాం. నేను, మావారు, అత్తయ్య, 11 ఏళ్ల పాప, 6 ఏళ్ల బాబు. నాలుగు రోజుల్లో ఒక రోజు మొత్తం నడకకే పెట్టుకున్నాం.

బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని పాత రాజ్యం) రాజులు పట్టాభిషేకానికి ఊరేగింపుగా వెళ్లిన దారి ఒకటుంది, దాన్ని రాజమార్గం అంటారు. 1475లో కట్టడం మొదలుపెట్టిన పౌడర్ టవర్ దగ్గర బయల్దేరి, పాత నగరం చౌరస్తా మీదుగా, చార్ల్స్ వంతెన దాటి, నెరుదోవా వీధి ఎక్కి కొండమీది కోటకి చేరుతుంది. మొత్తం రెండున్నర కిలోమీటర్లు ఉంటుందేమో. రాజులు కింద నుంచి పైకి వెళ్లారు కానీ మేం తిరగేశాం. పొద్దున్నే 22వ నంబరు ట్రామెక్కి కోట దగ్గర దిగాం, అక్కణ్ణుంచి రోజంతా కిందికే నడక. ఈ చిన్న ఉపాయం మీ వ్యాసంలో ఒక్క లైను ఉంటే ఎంతమంది పెద్దవాళ్లకి ఉపయోగపడేదో! మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి దిగడమూ కష్టమే, కాదనను, కానీ నెరుదోవా వీధి మెట్లు కాదు, వాలు. నాలుగడుగులు వేసి ఆగొచ్చు, మళ్లీ నాలుగడుగులు వేయొచ్చు. వెనక తరిమే గొడుగు లేదు.

కోట ఆవరణల్లో తిరగడానికి టికెట్ అక్కర్లేదు, లోపలి కట్టడాలకి కావాలి. సెయింట్ వీటస్ కెథెడ్రల్ పునాది 1344లో పడితే పూర్తయింది 1929లో. దాదాపు 600 ఏళ్లు! పాప ఈ లెక్క కట్టి, "మొదలుపెట్టినవాళ్లకి ఇది పూర్తవడం చూడలేమని తెలుసు కదా, అయినా ఎందుకు మొదలుపెట్టారు?" అని అడిగింది. మా ఎవరి దగ్గరా జవాబు లేదు. లోపల చెక్ చిత్రకారుడు అల్ఫోన్స్ ముచా గీసిన రంగు అద్దాల కిటికీ కింద అత్తయ్య చాలాసేపు కూర్చున్నారు. అప్పుడే ఎండొచ్చింది, నేల మీద నీలం, ఎరుపు, పసుపు మరకల్లా పడ్డాయి. గోల్డెన్ లేన్‌లో కోట కాపలావాళ్ల కోసం కట్టిన బుల్లి ఇళ్లున్నాయి, వాటిలో 22వ నంబరు ఇంట్లో రచయిత కాఫ్కా 1916, 17ల్లో కూర్చుని రాసుకునేవారట, అక్కడ జనం ఎక్కువగా ఉండి మేం త్వరగానే బయటికొచ్చేశాం.

నెరుదోవా వీధి గురించి మాత్రం కాస్త ఎక్కువ రాయాలనుంది, ఎందుకంటే బస్సులో వచ్చేవాళ్లకి ఈ వీధి అసలు కనిపించదు. 1770లో ఇళ్లకి నంబర్లు వేసేదాకా ఇక్కడ ఇంటి గుర్తు అంటే గుమ్మం మీది బొమ్మే. రెండు సూర్యుళ్ల ఇల్లు (ఈ వీధికి పేరిచ్చిన రచయిత యాన్ నెరుదా ఉన్న ఇల్లు అదే), బంగారు గుర్రపు నాడా ఇల్లు, మూడు ఫిడేళ్ల ఇల్లు, ఎర్ర గొర్రెపిల్ల ఇల్లు. అన్నీ ఇప్పటికీ ఉన్నాయి. మాకెవరికీ చెక్ భాష ఒక్క ముక్క రాదు, బాబుకైతే ఇంకా చదవడమే సరిగా రాదు, అలాంటిది ఆ వీధిలో వాడే మాకు దారి చూపించాడు. "నానమ్మా, మూడు ఫిడేళ్లు!" అని అరవడం, ఆవిడ ఆగి తల పైకెత్తి చూడటం. ఆ ఆగడంలోనే మోకాళ్లకి విశ్రాంతి దొరికేది. ఇంకోటి, ప్రాగ్‌లో ఒక్కో ఇంటికి రెండు నంబర్లుంటాయి, ఎర్ర పలక మీద ఒకటి, నీలం పలక మీద ఒకటి. వీధి వరసలో వచ్చేది నీలం పలక మీదిది. మొదటిరోజు ఇది తెలియక మేం బస చేసిన ఇల్లు కనుక్కోవడానికి అరగంట తిరిగాం, వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

మధ్యాహ్నం తిండి దగ్గర పెద్ద ఇబ్బంది పడలేదు. కోట కింది పేట మాలా స్త్రానాలో ఒక సందులోపల చిన్న హోటల్లో చీజ్ ముక్కని బ్రెడ్ పొడిలో ముంచి వేయించింది తిన్నాం, పక్కన బంగాళాదుంపలు. తర్వాత పండు లోపల పెట్టి ఉడికించిన క్నెడ్లీకీ. అత్తయ్య వాటిని చూడగానే కుడుములన్నారు, పిల్లలకి ఇక అదే పేరు. అక్కడ చెల్లేది యూరో కాదు, చెక్ కొరూనా. చిల్లర నాణేలు దగ్గర పెట్టుకోండి, బయట టాయిలెట్లకి చాలాచోట్ల డబ్బు కట్టాలి. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబానికి కెథెడ్రల్ ఎత్తు కంటే ఇది ముఖ్యమైన సమాచారం, దాన్ని ప్రయాణ వ్యాసాల్లో ఎవరూ రాయరు.

భోజనం అయ్యాక వాల్డ్‌స్టైన్ తోటలోకి వెళ్లాం. 1620ల్లో ఆల్బ్రెక్ట్ వాల్డ్‌స్టైన్ అనే సేనాధిపతి కట్టించుకున్న మహలు తోట అది, మహల్లో ఇప్పుడు చెక్ సెనేట్ ఉంది, తోటలోకి ఎవరైనా ఊరికే వెళ్లొచ్చు. శీతాకాలంలో మాత్రం మూసేస్తారు. నెమళ్లు మన పక్కనుంచే నడిచిపోతుంటాయి. ఒక పక్క గోడంతా గుహలో కారి గడ్డకట్టిన రాయిలా చేశారు, అందులో ముఖాలు దాగున్నాయి, ఎవరికి ఎన్ని కనిపిస్తే అన్ని. అక్కడ బెంచీ మీద గంటసేపు కూర్చున్నాం. టూర్ వాళ్ల లెక్కలో ఆ గంట వృథా, మా అత్తయ్యకి మిగతా రోజంతా నడవడానికి శక్తినిచ్చింది మాత్రం ఆ గంటే.

చార్ల్స్ వంతెన పొడవు 516 మీటర్లు, 30 విగ్రహాలు. మొదటిసారి దాన్ని పావుగంటలో దాటేశాం, ఈసారి గంట పైనే పట్టింది. 1357లో నాలుగో చార్ల్స్ చక్రవర్తి శంకుస్థాపన చేశారు. జులై 9, తెల్లవారుజామున 5 గంటల 31 నిమిషాలకి అని చెబుతారు. సంవత్సరం, తేదీ, నెల, గంట, నిమిషాలు వరసగా రాస్తే 1 3 5 7 9 7 5 3 1. ఎక్కుతూ వెళ్లి మళ్లీ దిగుతుంది. మావారు ఇది చెప్పగానే అత్తయ్య, "అయితే ముహూర్తం చూసే మొదలుపెట్టారన్నమాట, అందుకే నిలిచింది" అన్నారు. సున్నంలో కోడిగుడ్లు కలిపారని, గుడ్లు పంపమంటే ఒక ఊరివాళ్లు దారిలో పగిలిపోతాయని ఉడకబెట్టి పంపారని కథ కూడా ఉంది, బాబు అది విని నవ్వాపుకోలేకపోయాడు. నిలిచిందంటే ఊరికే నిలవలేదు, 1890 వరదలో కొన్ని కమానులు కూలితే మళ్లీ కట్టారు. విగ్రహాల్లో చాలావరకు నకళ్లే, అసలువి మ్యూజియంలో భద్రపరిచారు. యాన్ నెపోముక్ అనే చర్చి గురువు విగ్రహం దగ్గర అందరూ ఆగుతారు. 1393లో రాజాజ్ఞ మీద ఆయన్ని వ్ల్తావా నదిలోకి తోసేశారు. రాణి చెప్పుకున్న రహస్యం బయటపెట్టనందుకని కథ, చర్చి వ్యవహారాల్లో రాజుతో వచ్చిన గొడవ వల్లనేది చరిత్ర. ఆ విగ్రహం కింది పలకని ముట్టుకుంటే మంచిదని నమ్మకం, లక్షల చేతులు తగిలి అక్కడ కంచు బంగారంలా మెరుస్తోంది. అత్తయ్య కూడా చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు.

పాత నగరం చౌరస్తాలో గడియారం. 1410 నాటిది, ఇప్పటికీ తిరుగుతోంది. గంట కొట్టగానే పైన రెండు కిటికీలు తెరుచుకుని క్రీస్తు శిష్యుల బొమ్మలు వరసగా వస్తాయి, పక్కన అస్థిపంజరం తాడు లాగుతుంది, చివర కోడి కూస్తుంది. ఆ తర్వాత జనం చెదిరిపోతారు, మొదటిసారి మేమూ అలాగే వెళ్లిపోయాం. అసలు చూడాల్సింది జనం వెళ్లిపోయాక. ఆ ముఖం మీద మూడు నాలుగు రకాల కాలాలున్నాయి. బయటి చక్రంలో పాత బొహీమియా గంటలు, వాళ్లకి రోజు సూర్యాస్తమయంతో మొదలు, ఆ లెక్కన మేం చూసిన మధ్యాహ్నం 3 అంటే 20వ గంట దాటింది. లోపల రాశిచక్రం, దాని మీద సూర్యుడు, సగం నలుపు సగం వెండి రంగు చంద్రుడు. పాప ఫోన్లో గుర్తులు చూసి సూర్యుడు తులలో ఉన్నాడంది. "కాదే, ఇంకా కన్యలోనే ఉన్నాడు" అన్నారు అత్తయ్య, పంచాంగం ఆవిడకి నోటికే. ఇద్దరిదీ నిజమే. ఆ గడియారానిది సాయన లెక్క (రుతువుల్ని బట్టి), మన పంచాంగాలది నిరయన (నక్షత్రాల్ని బట్టి), రెండింటికీ ఇప్పుడు 24 డిగ్రీల తేడా. 600 ఏళ్ల కిందటి చెక్ గడియారం ముందు నానమ్మా మనవరాలూ వాదించుకుంటుంటే పక్కనున్నవాళ్లు నవ్వుతూ చూశారు. ఇది చేసింది హనుష్ అనే మాస్టర్ అని, ఇంకోటి చేయకుండా ఆయన కళ్లు తీసేశారని గైడ్లు చెబుతుంటారు, నిజానికి చేసింది కడాన్ ఊరి మికులాష్. ఆ పక్కనే నేల రాళ్లలో 27 తెల్ల శిలువలున్నాయి. 1621 జూన్ 21న హాబ్స్‌బర్గ్ వంశపు రాజుకి ఎదురుతిరిగిన 27 మందిని అక్కడ చంపేశారు. మొదటిసారి వాటి మీదే నిలబడి గడియారం ఫొటో తీసుకున్నామని ఇప్పుడు తెలిసింది.

అత్తయ్యని, బాబుని మావారి దగ్గర వదిలి నేను, పాప యూదుల పేట యోసెఫోవ్‌కి వెళ్లాం. శనివారాలు అక్కడ అన్నీ మూసేస్తారు, చూసుకుని వెళ్లండి. పింకాస్ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) గోడల నిండా పేర్లు రాసి ఉన్నాయి. నాజీలు చంపేసిన దాదాపు 80,000 మంది చెక్ యూదుల పేర్లు, పుట్టిన తేదీలు. పాప తన పుట్టినరోజు తేదీ కోసం వెతికింది, కాసేపటికే దొరికింది. ఆ తర్వాత నా చెయ్యి వదల్లేదు. పై అంతస్తులో తెరెజీన్ అనే నాజీ శిబిరంలో నిర్బంధంలో ఉన్న పిల్లలు వేసిన బొమ్మలున్నాయి, అవి చూపించాలా వద్దా అని తటపటాయించాను, తనే ఎక్కింది.

సాయంత్రం బసకి తిరిగొచ్చాక గుమ్మం ముందు పాప ఆగిపోయింది. రాళ్ల మధ్య అరచేతిలో పట్టేంత ఇత్తడి పలక, "ఇక్కడ నివసించారు" అని, ఒక స్త్రీ పేరు, పుట్టిన సంవత్సరం, నాజీలు తీసుకుపోయిన సంవత్సరం. అలాంటివి ఆ నగరంలో చాలా ఇళ్ల ముందున్నాయి, గుంటర్ డెమ్నిగ్ అనే జర్మన్ కళాకారుడు మొదలుపెట్టిన పని అది. రెండు రోజులుగా మేం దాన్ని సూట్‌కేసులతో, చెప్పులతో దాటుతూనే ఉన్నాం. అత్తయ్య పాపని అడిగి ఆ పేరు పలికించుకున్నారు, రెండుసార్లు.

సంపాదకులు గారూ, నేను అడిగేది పెద్ద విషయం కాదు. ఇకమీదట ప్రాగ్ గురించి వేసినప్పుడు "సగం రోజు చాలు" అని రాయకండి. ట్రామెక్కి పైకి వెళ్లి కిందికి నడవమని, మడమ పట్టుండే బూట్లు వేసుకోమని (ఆ రాళ్ల మీద చెప్పులతో నడవలేం), కూర్చోవడానికి తోటలు ఎక్కడున్నాయో, టాయిలెట్లు ఎక్కడున్నాయో రాయండి. నడవలేరని మనమే అనుకుని బస్సుల్లో కూర్చోబెట్టే పెద్దవాళ్లకి కూడా ఆ వ్యాసంలో చోటివ్వండి. మా అత్తయ్య ఆ రోజు కోట నుంచి పౌడర్ టవర్ దాకా ఆ దారంతా నడిచారు, 10 గంటలు పట్టింది.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు