కెన్యా పంపిన తేయాకు

గుంటూరు,
ఆదివారం రాత్రి.

ప్రియమైన సుధాకర్‌కు,

వందనాలు. జవాబు ఆలస్యమైనందుకు కోప్పడకు. ఈ రోజు యవ్వనస్థుల కూడికలో జరిగిన వాదన నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

కరోనా దేవుని ఉగ్రతేనని ఒక కుర్రవాడు పట్టుబట్టాడు. పుట్టు గ్రుడ్డివాడి విషయంలో పాపం వాడిదీ కాదు, కన్నవారిదీ కాదు అని యేసు చెప్పిన యోహాను 9వ అధ్యాయం తీసి చూపించాను. ఒప్పుకున్నాడు గానీ, "అయితే విశ్వాసికి మాస్కు ఎందుకండీ?" అన్నాడు. ఇక పదహారో శతాబ్దపు జర్మన్ క్రైస్తవ సంస్కర్త మార్టిన్ లూథర్‌ను పిలవక తప్పలేదు. మనం లూథరన్లమని చెప్పుకోవడమే గానీ, ఆయనను చదివిన వాళ్లెంతమంది? 1527లో విట్టెన్‌బర్గ్‌కు ప్లేగు వచ్చినప్పుడు, వెళ్లిపొమ్మని పాలకుడు ఆజ్ఞాపించినా ఆయన కదలకుండా రోగులను ఇంట్లోనే పెట్టుకుని చూశాడు; అయినా బ్రెస్లావ్‌లోని హెస్ అనే కాపరికి రాసిన ఉత్తరంలో మందు పుచ్చుకుంటాననీ, ఇంటికి పొగ వేస్తాననీ, తన అవసరం లేని చోటికి వెళ్లి రోగం అంటించననీ, పొరుగువాడికి అవసరమైతే మాత్రం వెనుకాడననీ రాశాడు.

అది చెబుతుంటే 2020లో మా చిన్నాన్న సమాధి కళ్లముందు మెదిలింది. బంధువులం దూరంగా నిలబడి ఉన్నాం. పాతగుంటూరు నుంచి వచ్చిన నలుగురు ముస్లిం కుర్రాళ్లు పెట్టెను దించుతున్నారు. తాడు జారితే ఒకడు మోకాళ్ల మీద కూలబడి ఆపాడు, ముఖానికి కట్టుకున్న ప్లాస్టిక్ లోపల చెమట ధారగా కారుతోంది. దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి పరాయి జాతివాడే ఆదుకున్న మంచి సమరయుడి ఉపమానం సండే స్కూల్లో ఎన్నేళ్లు చెప్పానో నీకు తెలుసు. ఆ రోజు నేను దూరంగా ఉన్నది జాగ్రత్తతోనా, భయంతోనా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మరొకటి కూడా గుచ్చుకుంటోంది. 2021 ఫిబ్రవరి 24న పుణేలో తయారైన 6 లక్షల డోసుల టీకా ఘనాకు చేరిందని గర్వపడ్డాం. రెండో అల మన మీద పడగానే ఎగుమతులు ఆగిపోయి, ఆఫ్రికా దేశాలు ఎదురుచూస్తూ ఉండిపోయాయి. ఆ మే నెలలోనే కెన్యా మనకు 12 టన్నుల తేయాకు, కాఫీ, వేరుసెనగలు పంపితే, వాట్సాప్‌లో వెక్కిరించిన వాళ్లున్నారు. అందులో ఒకదాన్ని నేనూ ఫార్వర్డ్ చేశాను. తనకున్నదంతా కానుకగా వేసిన బీద విధవరాలి రెండు కాసుల మీద వాక్యం చెప్పే మనిషి చేసిన పని అది! మిషనరీ డాక్టర్ ఆనా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి ఈ ఊరికి వచ్చినప్పటినుంచీ దూరదేశపు సాయం పుచ్చుకోవడం మనకు అలవాటే. ఇచ్చిన చేయి మనకంటే బీదదైతే మాత్రం సహించలేకపోయాం. "ఒక అవయవము శ్రమపడునప్పుడు అవయవములన్నియు దానితోకూడ శ్రమపడును" అన్న పౌలు, ఇచ్చే అవయవాలు వేరు, పుచ్చుకునేవి వేరు అని విడదీయలేదు కదా.

వచ్చే ఆదివారం వాక్యం నాదే. ఆ ఫార్వర్డ్ సంగతి కుర్రవాళ్ల ముందు ఒప్పుకోవాలా? నువ్వేమంటావో వెంటనే రాయి. చెల్లెమ్మకు నా వందనాలు చెప్పు.

నీ
జోసెఫ్