నాన్న కాలి స్కాన్ రోజున తోడు నిలిచిన వాళ్లకు

మూడు నెలల కిందట, ఒక శుక్రవారం మధ్యాహ్నం, గుంటూరు కొత్తపేటలో నాన్నను వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టుకుని స్కానింగ్ గది ముందు నిలబడ్డాను. ఆ రోజు మాకు సాయం చేసిన వాళ్లలో సగం మంది పేర్లు నాకు తెలియవు. తెలిసిన వాళ్లేమో పేరు రాయవద్దన్నారు. కాబట్టి పేర్లు లేకుండానే నమస్కారాలు.

నాన్నకు 71 ఏళ్లు. రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. జ్వరంతో 15 రోజులు మంచం దిగలేదు. అది తగ్గిందని ఊపిరి పీల్చుకునేలోపు ఎడమ పిక్క బిగుసుకుని వాచింది. చూడవచ్చిన ప్రతివారూ ‘నరం పట్టేసింది’ అని తేల్చేశారు. రెండు రోజులు ఆముదం వెచ్చచేసి నేనే మర్దన చేశాను.

మొదటి నమస్కారం మా వీధి చివరి డాక్టరు గారికి. నేను చెప్పేది పూర్తికాకముందే ఆయన టేపు తీసి రెండు పిక్కలూ కొలిచారు. 4 సెంటీమీటర్ల తేడా! ‘ఇక ఆ కాలికి మర్దన చేయవద్దు. రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ ఈ రోజే చేయించాలి’ అన్నారు. రోజుల తరబడి కదలకుండా పడుకుంటే కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చట. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణం మీదికి వస్తుందట. నా రెండు చేతులూ చూసుకున్నాను. మేము ఫోను చేసిన మొదటి స్కానింగ్ కేంద్రం సోమవారం రమ్మంది. డాక్టరు గారే ఇంకో చోటికి ఫోను చేసి ఆ మధ్యాహ్నానికే సమయం ఇప్పించారు.

అసలు చిక్కు నాన్నతో వచ్చింది. చీటీ చూసిన బంధువొకరు ‘నరాల స్కాన్’ అన్నారు. మన తెలుగులో రక్తం పారేదీ నరమే, తిమ్మిరెక్కేదీ నరమే. మధుమేహంతో అరికాళ్లు మొద్దుబారిన ఎదురింటి బాబాయి గారికి ఆ మధ్య నరాల పరీక్ష చేస్తూ చిన్న చిన్న షాకులు ఇచ్చారు. ఆ కథ మా అరుగు మీద పదిసార్లు నడిచింది. ‘నేను కరెంటు పెట్టించుకోను’ అని నాన్న భీష్మించారు. అప్పుడు స్కానింగ్ కేంద్రం కౌంటరులోని అమ్మాయి ఫోనులో ఆయనతోనే మాట్లాడింది. ‘తాతగారూ, అది నాడుల పరీక్ష, ఇది రక్తనాళాల పరీక్ష. షాకు లేదు, సూది లేదు, ఎక్స్‌రే కూడా కాదు. అన్నం తినే రండి. ప్యాంటు వద్దు, లుంగీ కట్టుకోండి’ అంది. పొట్టలోని రక్తనాళాలు చూడాలంటే పరగడుపున రమ్మంటారు గానీ కాలికి అక్కరలేదట. పొద్దుటి నుంచి ఆయనకు కాఫీ కూడా ఇవ్వని నా పెద్దరికానికి సిగ్గేసింది.

గదిలోకి వెళ్లగానే నాన్న గోడ మీది ‘ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు’ బోర్డును పైకి చదివి, ‘నాకు అక్కరలేదులే అమ్మా’ అన్నారు. డాక్టరమ్మ గట్టిగా నవ్వారు. ఆ తర్వాత 35 నిమిషాలూ తాను చేసే ప్రతి పనినీ ముందు చెప్పి చేశారు. జెల్ చల్లగా తగులుతుందన్నారు, తగిలింది. వాపు ఉన్న చోట నొప్పి పుడుతుందన్నారు, పుట్టింది. ‘ఏమీ ఉండదు’ అని మభ్యపెట్టలేదు. నాన్న ఆమెను నమ్మింది అక్కడే అనుకుంటాను.

ముందు మంచి కాలు చూపించారు. తెర మీద నల్లటి గుండ్రటి చుక్క ఒకటి, కాలి మీద ఆనించే ప్రోబ్ అనే పరికరంతో నొక్కగానే కన్ను మూసినట్టు మూసుకుంది. అది సిర. పక్కనే ఉన్న ధమని గోడ గట్టిది, ఆ మాత్రం ఒత్తిడికి లొంగదు. సిరలో గడ్డ ఉంటే అదీ మూసుకోదు. గజ్జ నుంచి పిక్క దాకా కొద్దికొద్ది దూరంలో నొక్కి చూడడం అందుకేనట.

తెర మీద ఎరుపు, నీలం కనబడగానే ‘నీలం చెడ్డ రక్తమా?’ అని అడిగారు నాన్న. కాదట. ప్రోబ్ వైపు వచ్చే రక్తానికి ఒక రంగు, దూరంగా పోయే రక్తానికి ఒక రంగు. ‘రైలు వస్తున్నప్పుడు కూత ఒకలా, దాటిపోయాక ఒకలా వినిపించదూ, అదే కిటుకు. 1842లో డాప్లర్ అనే ఆయన చెప్పారు’ అన్నారు డాక్టరమ్మ. గేటు దగ్గర ముప్పై ఏళ్లు కూతలు విన్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి? మెషీన్ చప్పుడు పెంచమని ఆయనే అడిగారు. ధమనిది కొరడా ఝళిపించినట్టుంది. సిరది గాలి వీచినట్టు, ఊపిరితో పాటు హెచ్చుతూ తగ్గుతూ ఉంది.

ఎడమ కాలికి వచ్చారు. గజ్జ దగ్గర మూసుకుంది. తొడలోనూ మూసుకుంది. మోకాలి వెనక మూసుకోలేదు. ఆమె అక్కడ రెండోసారి నొక్కలేదు. రిపోర్టు టైపు కాకముందే మా డాక్టరు గారికి ఫోను చేశారు. ఆ సాయంత్రమే గడ్డ పెరగకుండా ఇంజెక్షన్లు మొదలయ్యాయి, ఆ తర్వాత మాత్రలు. ఇప్పుడు వాపు లేదు. నాన్న పాల ప్యాకెట్టుకు తానే వెళుతున్నారు.

జెల్‌ను తడిగుడ్డతో తుడిచి, నాన్న లుంగీని తన సొంత తండ్రికి కట్టినట్టు బిగించి కట్టిన ఆయా గారికి మా అమ్మ ప్రత్యేకంగా దండాలు చెప్పమంది.

ఇక ఆటో అన్నా. రెండున్నర గంటలు బయటే ఉన్నావు. మమ్మల్ని స్కానింగ్ నుంచి ఆసుపత్రికి చేర్చి, నేను చిల్లర తెచ్చేలోపు వెళ్లిపోయావు. వచ్చే మంగళవారం మళ్లీ స్కాన్ ఉంది. కొత్తపేట స్టాండులో నీకోసం వెతుకుతాను. నాన్న ఆ 200 రూపాయలు చొక్కా జేబులో విడిగా పెట్టుకున్నారు.