పుస్తకాల దుకాణం గురించి నువ్వన్న మాటకు

నల్లగొండ

బిడ్డకు బాపు దీవెనలు.

ప్రకాశం బజారులో మనం పుస్తకాలు కొనే దుకాణం మూతపడుతున్నదని అమ్మ చెబితే, ఫోనులో తక్కువ ధరకే ఇంటికి వస్తుంటే అక్కడికి ఎవరు పోతారని అన్నావట. నీ మాటలో కొంత నిజమున్నది. ఫ్లిప్‌కార్ట్ 2007లో మొదలైందే పుస్తకాల అమ్మకంతో. అటువంటి పెద్ద సంస్థ ఇచ్చే తగ్గింపును, వచ్చిన కొద్దిపాటి కమిషన్‌లోంచే కిరాయి, కరెంటు బిల్లు, పనిపిల్లవాడి జీతం వెళ్లదీసుకునే మనిషి ఇవ్వలేడు. అయినా ఆ దుకాణాన్ని ముందు దెబ్బతీసింది ఫోను కాదని నా అభిప్రాయం. దానిని ఇన్నేళ్లు పోషించింది కథలూ నవలలూ కావు, జూన్ నెల.

బడులు తెరిచే రోజుల్లో తల్లిదండ్రులు చీటీ చేతికిస్తే, దుకాణం నడిపే ఆయన టెక్స్టు పుస్తకాలు, నోటు పుస్తకాలు, అట్టలకు ఖాకీ కాగితం, పేరు రాసే లేబుళ్లు ఒక దొంతరగా పేర్చి, సుతిలితో బిగించి, ఆ చీటీ వెనకనే లెక్క కూడి ఇచ్చేవారు. జీతం రాలేదంటే ఖాతాలో రాసుకునేవారు. ఏడాదికి ఒకటి రెండు ప్రతులైనా కదలని కవిత్వమూ, సాయుధ పోరాట జ్ఞాపకాలూ లోపలి అరలో నిలిచింది ఆ లాభం మీదనే. ప్రైవేటు బడులు పుస్తకాలను తామే కట్టగా అమ్మడం మొదలుపెట్టగానే జూన్ ఆయన చేజారింది. ప్రభుత్వ బడి పిల్లలకు ఉచితంగా వస్తాయి, అది మంచిదే. తరువాత గ్రూప్స్ గైడ్లు కొన్నాళ్లు నిలబెట్టాయి గాని, సిలబస్ మారితే మిగిలినవన్నీ తూకానికే పోతాయి. పైగా 2024 డిసెంబరులో తపాలా శాఖ, పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఎత్తివేయడంతో, రెండు మూడు ప్రతులు తెప్పించడం కూడా కొన్నాళ్లు భారమైంది.

నిజాం ఏలుబడిలో, 1922లోనే, షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు ‘నీలగిరి’ పత్రిక నడిపిన ఊరు మనది. ఇక్కడ ఒక తెలుగు పుస్తకాన్ని చేత్తో తిప్పి, నాలుగు పేజీలు చదివి కొనుక్కునే చోటు ఇంకొకటి తగ్గిపోవడం నాకు చిన్నతనంగా ఉన్నది. గ్రంథాలయం ఉన్నది కదా అంటావేమో. అక్కడా కుర్చీలన్నీ పోటీ పరీక్షల వాళ్లవే, పాపం వాళ్ల అవసరం వాళ్లది.

వాపసు తీసుకునే ప్రచురణ సంస్థలకు సరుకు తిప్పి పంపి, మిగిలినది ఆయన సగం ధరకు ఇస్తున్నారు. మనుమడికి బొమ్మల కథలు తీసిపెట్టాను. నీకేమి కావాలో ఆదివారంలోగా రాసి పంపు. డబ్బులు నేనే ఇస్తాను, ఆయన ఇప్పటికీ ఫోన్‌పే పెట్టుకోలేదు.

నీ బాపు